కంటిలోని నెత్తురు, కరతలమందలి లింగము



దేహమే దేవాలయమని బసవేశ్వరుడు బోధించెనని మనము సభలయందు తఱచుగా చెప్పుకొనుచున్నాము. ఆ దేవాలయపు గవాక్షమున ఒకనాడు నెత్తురు కనబడినచో ఆ మాట మఱచి భయమునకు లోనగుచున్నాము.

విశాఖపట్టణమున గాజువాక ప్రాంతమందు నివసించుచు ఉక్కు కర్మాగారమున పనిచేయు భక్తుడొకడు కలడు. రాత్రియంతయు పొడిదగ్గుతో బాధపడి, ఉదయమున అద్దము చూచుకొనగా ఎడమకంటి తెల్లగ్రుడ్డు సగము మందారమువలె ఎఱ్ఱబడి యుండెను. నొప్పి లేదు, పుసి లేదు, చూపు తగ్గలేదు. ఐనను ఇల్లంతయు గగ్గోలు పడినది. 2023 వర్షాకాలమున రెండు తెలుగు రాష్ట్రములందును వ్యాపించిన కండ్లకలకను తలచుకొని పొరుగువారు దూరముగా జరిగిరి. ఒకరు చనుబాలు పిండుమనిరి. మఱొకరు ఆకుపసరు పోయుమనిరి. తల్లి మాత్రము, "నాయనా, ఏదో అపచారము జరిగినది. నెత్తుటి కంటితో లింగమును చూడరాదు" అని పూజ మాన్పించెను. మూడు దినములు లింగము మెడలో నున్నను కరతలమునకు రాలేదు.

కన్ను ఎఱ్ఱబడుటకంటె ఇదియే నాకు పెద్ద ఆపదగా తోచుచున్నది. ఇష్టలింగధారికి సూతకము లేదని గదా మన మతము! జననమునకు, మరణమునకు, రజస్సునకు లేని మైల రవ్వంత నెత్తుటికి ఎక్కడినుండి వచ్చినది? శివుడు కోపగించి భక్తుని కంట నెత్తురు చిమ్మించునని తలచుట ఆయనను క్షుద్రదేవతల పంక్తిని కూర్చుండబెట్టుటయే. ఆ తల్లి ప్రేమను నేను తప్పు పట్టను. ఆ తలపును మాత్రము ఒప్పుకొనజాలను.

పాల్కురికి సోమనాథుని బసవపురాణమున ఉడుమూరి కన్నప్ప కథ కలదు. సాక్షాత్తు శివుని కన్నే చెడినపుడు కన్నప్ప అపచారమని పాఱిపోలేదు. మొదట తనకు తెలిసిన వైద్యము చేసెను. అది ఫలింపని పిమ్మటనే తన కన్ను పెఱికి సమర్పించెను. (ఆయన మందులు మనము వాడవలయునని కాదు. ఆయన అడవివాడు, చెంత వైద్యుడు లేడు.) కల్యాణమందలి శరణులలో వైద్య సంగణ్ణ యను వైద్యుడును ఉండెను. వైద్యమును కాయకమే, దానిని ఆశ్రయించుట భక్తికి లోటు కాదు.

నాలుగవ దినమున ఆ భక్తుని వైద్యునికడకు కొనిపోయిరి. తెల్లగ్రుడ్డును కప్పియుండు పలుచని పొరలోని సన్నని రక్తనాళము దగ్గు తాకిడికి చిట్లినదనియు, తుమ్ము, బరువెత్తుట, ముక్కుట, కన్ను గట్టిగా నలుపుట వలనను ఇట్లగుననియు వైద్యుడు చెప్పెను. పొర స్వచ్ఛమైనది గనుక చుక్క రక్తమే విశాలముగా పఱచుకొని భయపెట్టును. ఇది అంటువ్యాధి కాదు. చర్మముపై దెబ్బ కమిలినట్లే క్రమముగా పసుపువన్నెకు తిరిగి, ఒకటి రెండు వారములలో దానంతట అది ఇంకిపోవును. కంటికి మందు వ్రాయలేదు గాని రక్తపోటు కొలిచి, అది హెచ్చుగా నుండుటచే దానికి మాత్ర వ్రాసిరి. ఆ సాయంకాలమే లింగము కరతలమునకు వచ్చినది.

ఐతే ప్రతి ఎఱ్ఱకన్నును ఇట్లే ఉపేక్షింపరాదు. నొప్పి యున్నను, చూపు మసకబాఱినను, వెలుగు చూడలేకున్నను, దెబ్బ తగిలినను, మాటిమాటికి నెత్తురు చేరుచున్నను, రక్తము గడ్డకట్టకుండ మందులు వాడుచున్నను జాగు చేయరాదు. మన నగరము కొలుముల నగరము, ఓడల నగరము. వెల్డింగు, గ్రైండింగు పనులలో లోహపు తునక కంట పడినచో పసరులు పోయక, నలుపక, ఆ గడియనే బయలుదేఱవలయును. ప్రభుత్వ ప్రాంతీయ నేత్ర వైద్యశాల విశాఖపట్టణముననే యున్నది.