ఈ జిడ్డు ఎక్కడిది?

ఒక వస్తువు పనిచెయ్యకపోతే "పాడైపోయింది" అంటాం. ఒక మనిషి మనం అనుకున్నట్టు నడవకపోతే "వాడింతే" అంటాం. ఈ రెండు మాటల్లోనూ ఉన్నది ఒకే తొందరపాటు. కారణం వెతకకుండానే స్వభావం మీద తీర్పు చెప్పేస్తున్నాం. ధమ్మ మార్గంలో నడవాలనుకునే మనకు ఇది చిన్న విషయం కాదు. పుట్టుకను బట్టి స్వభావాన్ని నిర్ణయించే ఆలోచనే కులానికి పునాది. ఆ పునాదిని కాదనే కదా మనం ధమ్మం వైపు వచ్చాం. తీర్పుకు ముందు కారణం ఎలా వెతకాలో ఒక పాత కెమెరా దగ్గర చూద్దాం.

జపాన్‌లో తయారైన ఒలింపస్ ట్రిప్ 35 అనే చిన్న ఫిల్ము కెమెరా 1960ల చివర్లో మార్కెట్లోకి వచ్చింది. దీనికి బ్యాటరీ అక్కర్లేదు. లెన్సు చుట్టూ ఉన్న సెలీనియం పలక మీద పడే వెలుతురే మీటరును కదిలిస్తుంది. ఏళ్ళ తరబడి బీరువాలో ఉండిపోయిన ఇలాంటి కెమెరాను బయటికి తీసినప్పుడు తరచుగా వినిపించే ఫిర్యాదు ఒకటే: బటన్ నొక్కితే షట్టర్ పడడం లేదు.

అప్పుడు మొదట అడగాల్సిన ప్రశ్న, "ఇది చెడిపోయిందా, లేక వద్దంటోందా?" అని. ఈ కెమెరా ఆటోమేటిక్ గుర్తు మీద ఉన్నప్పుడు వెలుతురు చాలకపోతే వ్యూఫైండర్‌లో ఎర్రజెండా లేస్తుంది, షట్టర్ పడదు. అది లోపం కాదు, ఫిల్ము వృథా కాకుండా చేసిన ఏర్పాటు. కెమెరాను ఎండవైపు తిప్పితే షట్టర్ మామూలుగా పడుతుంది. ఇది తెలియనివాళ్ళు మంచి కెమెరానే పాత సామాన్ల వాడికి వేసేస్తారు.

మనుషుల విషయంలో ఈ తేడా తెలియకపోతే ప్రాణాలే పోతాయి. వెట్టి చెయ్యనన్నవాణ్ణి ఊరు మొండివాడంది. 1985లో కారంచేడులో తాము తాగే చెరువు నీటిని మురికి చెయ్యొద్దని ఒక మాదిగ మహిళ అడ్డుచెప్పింది. ఆ మరునాడు, జూలై 17న జరిగిన దాడిలో ఆరుగురు మాదిగలు చనిపోయారు. న్యాయమైన నిరాకరణను పొగరుగా చూసే కళ్ళే ఆ దాడి వెనక ఉన్నాయి. ఎర్రజెండాను చూసి యంత్రం చెడిందనే చూపు కెమెరా దగ్గర అజ్ఞానం, మనిషి దగ్గర అధర్మం.

ఎండలో పెట్టినా కదలకపోతే అప్పుడు నిజంగానే ఏదో పట్టేసింది. చాలాసార్లు పట్టేసేది లెన్సు లోపలి పలుచని లోహపు రేకులు. అవి విరగవు, వంగవు, ఒకదానికొకటి అంటుకుంటాయి. వాటిని కదిపే స్ప్రింగు చాలా సన్నది, జిడ్డు పొర పట్టును అది విడిపించలేదు. ఆ జిడ్డు రేకుల్లో పుట్టింది కాదు. ఫోకస్ తిప్పేటప్పుడు లెన్సు నునుపుగా తిరగాలని మరల్లో పూసిన గ్రీజు ఏళ్ళు గడిచేకొద్దీ, వేడికి పలచబడి, రేకుల మీదికి పాకింది. మేలు కోసం పెట్టిందే చోటు మారి బంధనమైంది.

చిత్తం ప్రకాశవంతమైనదనీ, దాన్ని మలినపరిచేవి బయటినుంచి వచ్చి చేరే కల్మషాలనీ అంగుత్తర నికాయంలో బుద్ధుడు బోధించాడు. ఇది ఆత్మ గురించిన మాట కాదు. వచ్చి చేరినదానికి కారణం ఉంటుంది, కారణం ఉన్నది తొలగుతుంది అన్న ఆశ ఇది. ప్రతీత్య సముత్పాదం పనివాడి బల్ల మీద ఇలాగే కనిపిస్తుంది.

ఇక్కడ రెండు తప్పుదారులున్నాయి. బలం ప్రయోగించి రేకుల్ని నెడితే అవి వంగిపోతాయి. పట్టేసింది కదా అని నూనె చుక్క వేస్తే ఇవాళ కదులుతాయి, రేపు మరింత గట్టిగా అంటుకుంటాయి. సరైన దారి నెమ్మదైనది. ముందు లెన్సు ఎక్కడ నిలిచి ఉందో గుర్తు పెట్టుకోవాలి, లేకపోతే తిరిగి బిగించాక ఫోకస్ తప్పుతుంది. తరువాత దాన్ని విప్పి, సిగరెట్ లైటర్‌లో పోసే ద్రవంతో దూదిపుల్లను తడిపి రేకుల్ని తుడవాలి. దగ్గర్లో మంట ఉండకూడదు, గాలి ఆడాలి. ఆరనిచ్చి, షట్టర్ నొక్కి, మళ్ళీ తుడవాలి. ఒక్కసారి తుడిచి వదిలేస్తే కరిగిన జిడ్డు ఆరాక మళ్ళీ పొరగా పరుచుకుంటుంది.

అసలు సంగతి ఇంకా ఉంది. రేకులు ఎంత శుభ్రం చేసినా, మరల్లోని పాత గ్రీజును తుడవకపోతే ఆ జబ్బు తిరిగొస్తుంది. అణగారినవాడికి "నీ మనసు కడుక్కో" అని మాత్రమే చెప్పే ఉపదేశం ఇలాంటి సగం మరమ్మతే. బాబాసాహెబ్ 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో లక్షలమందికి ధమ్మదీక్ష ఇచ్చినప్పుడు మనసును మార్చుకోమన్నారు. అంతకుముందే చదువు కోసం, నీటి కోసం, రాజ్యాంగ హక్కుల కోసం దశాబ్దాలు పోరాడారు. ఆయన రేకునూ వదల్లేదు, మరనూ వదల్లేదు.

అన్నీ కారణాల వల్లే అయితే ఇక ఎవరికీ బాధ్యత లేదా అని కొందరు అడుగుతారు. ఉంది. జిడ్డు పాకడం రేకు తప్పు కాదు. పాకిందని తెలిశాక తుడవకపోవడం మన తప్పు. ఒక తేడా కూడా మరిచిపోకూడదు. కెమెరా తనను తాను తుడుచుకోలేదు, మనిషి తుడుచుకోగలడు. మనిషిని విప్పి బాగుచేసే అధికారం ఎవరికీ లేదు. అతని చుట్టూ ఉన్న జిడ్డును తొలగించడమే మైత్రి, తనలోని జిడ్డును తానే తొలగించుకోవడమే శీలం.

మన విహారాల్లోనూ ఈ పరీక్ష అవసరమే. నాయకుల మీద గౌరవం సంఘాన్ని నునుపుగా నడిపిస్తుంది. అదే గౌరవం నిర్ణయాలు జరిగే చోటికి పాకితే ప్రశ్న అడిగే నోరు పట్టేస్తుంది. వ్యక్తిపూజ ప్రజాస్వామ్యానికి ప్రమాదమని బాబాసాహెబ్ 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో హెచ్చరించారు. సమావేశానికి రావడం మానేసిన యువకుణ్ణి చూసి "వీళ్ళింతే" అనేముందు రెండు ప్రశ్నలు వేసుకుందాం. అతను వద్దంటున్నాడా, పట్టేశాడా? పట్టేస్తే, ఆ జిడ్డు మన దగ్గరినుంచి వెళ్ళిందేనా?