పాత కారు, పొదుపు లెక్క

1983 డిసెంబరులో రోడ్డెక్కి, 2014 జనవరిలో తయారీ నిలిచిపోయిన మారుతి 800 కార్లు మన ఊళ్లలో ఇంకా కనిపిస్తున్నాయంటే, వాటి 796 సీసీ మూడు సిలిండర్ల ఇంజిన్ సరళత ఎంత కారణమో, చిన్న మరమ్మతును వాయిదా వేయని యజమానుల శ్రద్ధ కూడా అంతే కారణం.

చేతిలో డబ్బు తక్కువగా ఉన్నవారు మొదట చూడవలసినది కూలెంట్, అంటే ఇంజిన్ వేడిని రేడియేటరుకు చేరవేసే ద్రవం. దాని బదులు ఏళ్ల తరబడి బోరునీళ్లు పోస్తే, నీటిలోని లవణాలు రేడియేటరు సన్న గొట్టాలలో గారలా పేరుకొని, వేడి బయటికి పోయే దారి మూసుకుపోయి, చివరకు ఇంజిన్ పై భాగానికీ దిమ్మెకూ నడుమ ఉండే హెడ్ గాస్కెట్ అనే పలుచని పొర దెబ్బతింటుంది. వందల్లో మిగిలిన డబ్బు వేలల్లో వదులుతుంది. ఇంజిన్ పూర్తిగా చల్లారి ఉన్న ఉదయం వేళ మూత విప్పి చూసినప్పుడు ద్రవం తుప్పు రంగుకు తిరిగి ఉంటే, మెకానిక్ దగ్గరకు అప్పుడే వెళ్లడం చవక.

బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకునే స్వభావం గలది కాబట్టి, దానిని సాధారణంగా రెండేళ్లకొకసారి మార్చాలి. సీటు కవర్ల ఖర్చును ఆపవచ్చు గాని బ్రేకుల ఖర్చును ఆపరాదు. ఆపితే బండి ఆగదు.

సొంత కారు రిజిస్ట్రేషన్‌కు 15 ఏళ్లు నిండాక, ఫిట్‌నెస్ పరీక్షలో నెగ్గితే దానిని 5 ఏళ్ల చొప్పున పొడిగిస్తారు. శ్రోతలు తమ ఆర్‌సీలోని గడువు తేదీని ఈ రోజే చూసుకోగలరు.