కాలు జారుట - నోరు జారుట

కాలు జారిన తీసికొనవచ్చును గాని నోరు జారిన తీసికొనలేమను సామెత మన యిండ్లలో పసిపిల్లలకును తెలిసినదే. తొందరపడి మాటలాడువారిని మందలించుటకై దీనిని వాడుచుందుము. కాని యొకని కాలు జారినప్పుడే వేఱొకని నోరు జారుట లోకమున తఱచుగా జరుగుచున్నది. ఒకడు పడును, చూచుచున్న పదిమంది మాటలాడుదురు. పడినవాని దెబ్బ కొన్నాళ్లకు మానవచ్చును. ఆ పదిమంది మాటలు మాత్రము వాని యింటివారి చెవులలో చిరకాలము నిలిచియుండును. కావున పడినవారిని గూర్చి యెట్లు మాటలాడవలయునను ప్రశ్న చిన్నదిగా దోచినను, విచారింపదగినదే.

గుఱ్ఱపుస్వారీలో మూడు పరీక్షలు గల పోటీ యొకటి కలదు. మొదటిది గుఱ్ఱముయొక్క శిక్షణను జూపు నడకల పరీక్ష. మూడవది మైదానమున నిలిపిన కఱ్ఱలను దాటించుట. ఈ రెంటి నడుమ క్రాస్ కంట్రీ యనుపేర, పచ్చికబయళ్లమీదుగా దుంగలను, గోతులను, నీటిమడుగులను దాటుచు మైళ్లకొలది పరుగెత్తించు పరీక్ష జరుగును. ఇందలి యడ్డంకులు తగిలినంతనే పడిపోవు తేలికకఱ్ఱలు కావు. గుఱ్ఱముయొక్క ముంగాళ్లు గట్టిదుంగకు తాకి యది తిరుగబడెనా, సుమారు 500 కిలోల బరువు రౌతుమీద పడును. మన దేశమునకు 1982లో ఢిల్లీ ఆసియా క్రీడలలో రఘువీర్ సింగ్ స్వర్ణపతకమును, 2018లో జకార్తాలో ఫవాద్ మీర్జా రజతపతకమును గెలిచి తెచ్చినది యిట్టి పోటీలలోనే.

2006 డిసెంబరు 7వ తేదీన దోహా ఆసియా క్రీడలలో దక్షిణ కొరియా రౌతు కిం హ్యుంగ్‌చిల్ ఈ పరుగులోనే ప్రాణములు గోల్పోయెను. ఆయన వయస్సు 47 ఏండ్లు; స్వారీలో చేయితిరిగినవాడు. గుఱ్ఱ మడ్డంకిని తాకి తిరుగబడి ఆయనపై పడెను. అంతకుముందు, 1995 మే 27న, అమెరికాలోని వర్జీనియా రాష్ట్రమున కల్పెపర్ అనుచోట, చలనచిత్రములలో సూపర్‌మాన్ వేషముతో పేరుపొందిన క్రిస్టఫర్ రీవ్, గుఱ్ఱ మడ్డంకియొద్ద హఠాత్తుగా నిలిచిపోగా తలక్రిందుగా పడెను. మెడయెముక విఱిగి, శరీరమంతయు చచ్చుపడి, 2004లో మరణించువఱకు చక్రముల కుర్చీలోనే కాలము గడపెను. ఆకాశమున నెగురువాడు గుఱ్ఱముపై నిలువలేకపోయెనను పరిహాసములు నోటినుండి నోటికి ప్రాకెను. వానిని పుట్టించినవారు క్రూరులని నేననను. వారు మనవంటివారే, సాయంకాల మింటికిపోయి తమ పిల్లలను ముద్దాడినవారే.

ఇట్టి సమయములందు పుట్టు మాటలు మూడు విధములు. మొదటిది పరిహాసము. రెండవది తీర్పు. రౌతు మెత్తనైన గుఱ్ఱము మూడుకాళ్ల నడచునని మన పెద్దలన్న మాట స్వారి నేర్చువానికి మంచి హెచ్చరికయే. కాని గుఱ్ఱముక్రింద నలిగినవాని పక్కన నిలిచి దానిని పలికినచో నది హెచ్చరిక కాదు, గోరుచుట్టుపై రోకటిపోటు. మూడవది, తెలిసియే యెక్కినాడు గదా, యనుభవించినాడను మాట. ఇది పైకి న్యాయముగా గానవచ్చును గనుక మిక్కిలి మోసకరమైనది. అపాయమున కొడంబడినవాడు మన నిర్దయకు నొడంబడినట్లు కాదు. ప్రాణాపాయ మెఱిగియే స్త్రీ ప్రసవమునకు సిద్ధపడుచున్నది. విషవాయు వుండునని యెఱిగియే కూలివాడు పాడునూతిలోనికి దిగుచున్నాడు. వారికి కీడు మూడినపుడు తెలిసియే దిగిరి గదా యని యూరకుందుమా?

మనమిట్లేల మాటలాడుదుము? నాకు దోచిన కారణ మొకటి కలదు. పడినవానియందు తప్పు కనుగొన్నచో, ఆ తప్పు చేయని మనము పడమను ధైర్యము కలుగును. తప్పేమియు లేకయే పడెనని యొప్పుకొన్నచో, రేపు మనమును పడవచ్చునని యొప్పుకొనవలసివచ్చును. ఆ భయమును దాచుకొనుటకై వానిని నిందింతుము. జ్ఞానమువలె గానవచ్చు మన తీర్పులలో ననేకము లిట్టి పిఱికితనమునుండి పుట్టినవే.

ఐన తప్పులను గూర్చి మాటలాడకున్న నవి యెట్లు దిద్దబడునని కొంద రడుగవచ్చును. న్యాయమైన ప్రశ్నయే. 1999వ సంవత్సరమున నొక్క బ్రిటనులోనే యిట్టి పోటీలలో అయిదుగురు రౌతులు మరణించిరి. అప్పుడు హార్టింగ్టన్ ప్రభువు అధ్యక్షుడుగా నొక సంఘము కూర్చుండి, 2000 సంవత్సరమున తన నివేదిక నిచ్చెను. గుఱ్ఱము పడకుండ చేయదగినదంతయు చేయవలయుననుట దాని సారము. పిమ్మట బలమైన తాకిడికి విఱిగి దుంగను క్రిందికి జారనిచ్చు మేకులు వాడుకలోనికి వచ్చెను. ఆ సంఘమువారును పడినవారిని గూర్చియే మాటలాడిరి. కాని వారి మాటలు రేపు స్వారిచేయువాని మేలు కోరినవి. పరిహాసము చేసినవాని మాట వానికే తప్ప నెవ్వరికిని పనికివచ్చునది కాదు. విచారణకును నిందకును గల భేద మిదియే.

ఈ విషయము మన కెంతో దూరమైనదని చదువరులు తలపవలదు. ఆఱవ నిజాముకాలమునుండి హైదరాబాదు మలక్‌పేటలో గుఱ్ఱపుపందెములు జరుగుచున్నవి. అచ్చట రౌతు పడినపుడు, పందెమొడ్డినవాని నోట ముందుగా వచ్చునది రౌతు ప్రాణమును గూర్చిన మాటయో, పోయిన సొమ్మును గూర్చిన మాటయో, చూచినవారికి తెలియును. ఇక పూర్వము వరంగల్లు జిల్లాలోనుండి 2016లో మహబూబాబాదు జిల్లాలో చేరిన మా మరిపెడలో పందెపు గుఱ్ఱములు లేవు. కాని తాటిచెట్లు కలవు. మోకు, ముస్తాదు ధరించి, కాళ్లకు గుజి తగిలించుకొని, దినమును చెట్టెక్కి దిగువారు కలరు. వారు నెక్కుట యపాయమని యెఱిగియే యెక్కుదురు. వారు పడినపుడును నోళ్లు జారును. అట్లు జారినవానిలో నాది యొకటి.

కొన్నేండ్లక్రిందట వైశాఖమాసమున నొక రాత్రి అకాలవర్షము కురిసెను. మఱునాటి యుదయమున బాటప్రక్క దుకాణమువద్ద పదిమందితో నిలిచియుంటిని. ఆ తడిలో నా మోటారుసైకిలు జారి తృటిలో తప్పినది; గుండె యింకను కొట్టుకొనుచుండెను. అంతలో గీతకార్మికు డొకడు చెట్టుపైనుండి పడెనను వార్త వచ్చెను. "తెల్లవారకమునుపే పుచ్చుకొనియుండును" అంటిని. నలుగురు నవ్విరి. తండ్రిని ఆసుపత్రికి తీసికొనిపోవుటకై ఆటో పిలువవచ్చిన యాతని కూతురు, పండ్రెండేండ్ల పిల్ల, మా వెనుకనే నిలిచియుండెను. నావైపొకసారి చూచి వెడలిపోయెను.

ఆతడు బ్రతికెను గాని వెన్నుపూస దెబ్బతిని మంచము పట్టెను. నెలకు పిమ్మట చూడబోతిని. ఆతని భార్య నాతో నిట్లనెను: "సారూ, మా ఇంటాయన సుక్క ముట్టడు. చెట్టు తడిసి మోకు జారింది. బడిల పిల్లను, మీ నాయిన తాగి పడ్డడట గదా అని అడుగుతున్నరట. గా మాట ఎవరన్నరో!" ఆ పిల్ల నాకు మంచినీళ్లిచ్చి, మాటలాడక తలుపుచాటున నిలిచెను. అన్నవాడను నేనేయని చెప్పుటకు నోరు రాలేదు. నీళ్లు త్రాగి వచ్చితిని.

మూడుదినములు నిద్ర పట్టలేదు. నాలవనాడు మరల పోయి, తల్లిదండ్రుల యెదుట నా తప్పు చెప్పుకొంటిని. మంచముమీది మనిషి "పోనీ తీయుండ్రి సారూ" అనెను. పిల్ల మాత్రము, "మా బడిల గూడ చెప్తరా?" అని యడిగెను. పోయి చెప్పితిని. ఎందఱు వినిరో, ఎందఱు నమ్మిరో నాకు తెలియదు. దుకాణమువద్ద నవ్వినవా రాసరికే ఆ మాటను మఱియెన్ని యూళ్లకు మోసికొనిపోయిరో యదియును తెలియదు. పడినవానికంటె నధికమైన భయముతో ఆ యుదయమున పలికినవాడను నేనేయని నా కిప్పుడు తోచుచున్నది.

2024 జూలై 14న ప్రభుత్వమువారు రంగారెడ్డి జిల్లా లష్కర్‌గూడలో, కాటమయ్య రక్షయను పేర, పట్టు తప్పినను మనిషిని క్రిందపడకుండ నాపు త్రాళ్లను పట్టీలను గీతకార్మికులకు పంచుట ప్రారంభించిరి. మోకు జారుననియు, జారిన మనిషిని పట్టుకొనునది వేఱొకటి కావలయుననియు తలచినవారి కృషి యది. త్రాగి పడెనని తలచిన నావంటివానివలన నట్టి త్రాడు పుట్టదు. నింద విచారణను మొదటనే త్రుంచివేయును. తప్పు వానిదేయైనచో నిక వెదకవలసిన దేమున్నది?

కావున నేను నాకై యేర్పఱచుకొన్న నియమము నిచ్చట మనవిచేయుచున్నాను. ఎవ్వరైనను పడినపుడు, ఈ మాట పడినవానికి గాని, రేపు అదే చెట్టు, అదే గుఱ్ఱ మెక్కువానికి గాని యుపయోగించునా యని ముందుగా ప్రశ్నించుకొందును. ఉపయోగించునదియైన దానిని చెప్పవలసినచోట, వారి యింటివారు వినదగిన మాటలతో చెప్పుదును. కానిచో నోరు మూసికొని, మోయుటకు నొక చేయి వేయుదును. పడ్డవాడు చెడ్డవాడు కాడని మన పెద్దలు చెప్పనే చెప్పిరి. ఆ పిల్ల యిప్పుడు పెద్దదై కళాశాలలో చదువుచున్నది. బాటలో కనబడినప్పుడు నమస్కరించును. ఆ నమస్కారమును స్వీకరించునపుడెల్ల నా తల వంగుచునే యున్నది.