మన చేతి మరమ్మతు – పొరుగువారి ప్రాణం



ఇంట్లో ఒక వస్తువు చెడిపోయిందనుకోండి. దాన్ని మనమే విప్పి బాగుచేసుకోవడం మంచి గుణమా, మొండి సాహసమా? ప్రశ్న చిన్నదిగానే కనిపిస్తుంది. కాని అందులో మన కష్టార్జితం, మన అంతరాత్మ, పొరుగువారి క్షేమం ఇమిడి ఉన్నాయి. గిటారు వాయించేవారు వాడే వాల్వు ఆంప్లిఫయరును ఉదాహరణగా తీసుకుని ఈ సంగతి ఆలోచిద్దాం.

వాల్వు అనగానే పెద్దవారికి పాత రేడియో గుర్తొస్తుంది. స్విచ్చి వేసిన వెంటనే అది పలికేది కాదు. గాజు బుడ్డి లోపలి తీగ ఎర్రగా వేడెక్కిన తర్వాతే గొంతు విప్పేది. ట్రాన్సిస్టర్లు వచ్చాక రేడియోల్లోంచి వాల్వులు మాయమయ్యాయి గాని, గిటారు ఆంప్లిఫయర్లలో ఇంకా నిలిచే ఉన్నాయి. వాటి నాదమే వేరని వాయించేవారు అంటారు. 12ఎఎక్స్7, ఇఎల్34 వంటి వాల్వులు నేటికీ రష్యా, స్లొవేకియా, చైనా దేశాల్లో తయారవుతున్నాయి. ఇలాంటి పెట్టెలు కొన్నవారిలో చాలామంది వాటిని తామే బాగుచేసుకోవాలని కోరుకుంటారు.

ఆ కోరికలో తప్పేమీ లేదు. అసలు ఈ పరికరం చరిత్రే మరమ్మతుతో ముడిపడి ఉంది. లియో ఫెండర్ అనే ఆయన 1938లో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం, ఫుల్లర్టన్ పట్టణంలో రేడియో రిపేరు దుకాణం పెట్టాడు. ఊరివాళ్ల రేడియోలు బాగుచేస్తూనే క్రమంగా గిటారు ఆంప్లిఫయర్ల తయారీలోకి వచ్చాడు. 1962లో లండనులో డ్రమ్ముల దుకాణం నడుపుతున్న జిమ్ మార్షల్ తన దగ్గరి రిపేరు మనిషి కెన్ బ్రాన్‌తోను, డడ్లీ క్రేవన్ అనే యువకునితోను కలిసి తన మొదటి ఆంప్లిఫయరు తయారుచేశాడు. దానికి ఆధారం ఫెండర్ తయారుచేసిన బాస్‌మన్ నమూనాయే. చేతిలో స్క్రూడ్రైవరు పట్టుకోవడానికి సిగ్గుపడనివారే ఈ విద్యను ముందుకు తెచ్చారు.

చేతిపనిని చిన్నచూపు చూడడం క్రైస్తవ సంప్రదాయం కాదు. పునీత జోజప్ప వడ్రంగి. పునీత పౌలు కొరింతులో గుడారాలు చేసి పొట్టపోసుకుంటూ సువార్త బోధించాడు. ఫ్రాన్సిస్ జగద్గురువులు 2015లో వెలువరించిన ‘లౌదాతో సీ’ విశ్వలేఖలో, వాడి పారేసే అలవాటు భూమిని చెత్తకుప్పగా మారుస్తోందని హెచ్చరించారు. కాబట్టి పదేళ్లు పనిచేసిన వస్తువును పారేయక ఇంకో పదేళ్లు పనిచేయించే మనిషి మంచి పనే చేస్తున్నాడు.

ఇక పెట్టె లోపలికి వద్దాం. గోడ ప్లగ్గులో ఉండే 230 వోల్టులను ఈ ఆంప్లిఫయరు లోపలి ట్రాన్స్‌ఫార్మరు ఇంకా పెంచుతుంది. వాల్వులకు 300, 400, కొన్నిట్లో 500 వోల్టుల దాకా కావాలి. ఆ విద్యుత్తును నిలకడగా ఉంచడానికి పెద్ద కెపాసిటర్లు ఉంటాయి. అవి నీళ్ల తొట్టెల వంటివి, విద్యుత్తును నింపి ఉంచుకుంటాయి. స్విచ్చి కట్టేసినా, ప్లగ్గు పీకేసినా ఆ నిల్వ వెంటనే పోదు. కొన్ని పెట్టెల్లో గంటల తరబడి ఉంటుంది. దీపం ఆరింది కదా అని చెయ్యి పెడితే ప్రాణం పోవచ్చు. అందుకే తెలిసినవారు ముందు ఆ నిల్వను పద్ధతి ప్రకారం రెసిస్టరు గుండా ఖాళీ చేస్తారు, తర్వాత మీటరు పెట్టి సున్నాకు వచ్చిందో లేదో చూస్తారు. విద్యుత్తు ఉండగా కొలవవలసి వస్తే ఒక చెయ్యి జేబులో పెట్టుకుంటారు. రెండు చేతులూ తగిలితే షాకు గుండె మీదుగా పోతుంది కనుక.

“నా వస్తువు, నా ప్రాణం, నా ఇష్టం. మధ్యలో ఎవరికేం నష్టం?” అని ఒకరు అడగవచ్చు. ఈ మాట ఎంతవరకు నిజమో చూద్దాం.

ఆంప్లిఫయరు గుయ్‌మని మోత పెడుతోందనుకోండి. కారణం వెదకడానికి ఓపిక కావాలి. అంతకన్నా సులువైన దారి ఒకటుంది. మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్తు తీగ విప్పేస్తే కొన్నిసార్లు మోత ఆగిపోతుంది. వినేవారు సంతోషిస్తారు. బాగుచేసినవానికి మంచి పేరొస్తుంది. కాని ఆ రోజు నుంచి లోపల ఏ చిన్న లోపం వచ్చినా పెట్టె ఇనుప చట్రంలోకి కరెంటు వస్తుంది. చట్రం నుంచి వైరు గుండా గిటారు తీగల్లోకి, తీగల నుంచి వాయించే వేళ్లలోకి వస్తుంది. ఎదురుగా ఉన్న మైకును పెదవి తాకితే చాలు. 1972 మే 3న బ్రిటన్‌లోని స్వాన్సీలో ‘స్టోన్ ది క్రోస్’ బృందానికి చెందిన లెస్ హార్వీ అనే గిటారు కళాకారుడు వేదిక మీదనే మైకును తాకి విద్యుదాఘాతంతో చనిపోయాడు. అతనికి 27 ఏళ్లు.

ఎర్తు తీగ విప్పడం, కాలిపోయిన ఫ్యూజు స్థానంలో లావు తీగ చుట్టడం ఒకే కోవకు చెందిన పనులు. ఫ్యూజు ఉన్నదే ప్రమాదం వచ్చినప్పుడు తాను కాలిపోయి మనల్ని కాపాడటానికి. దాని నోరు మూయించి “బాగుచేశాను” అనడం మరమ్మతు కాదు, మోసం. పైకి కనిపించే మేలు కోసం లోపల కనిపించని కీడు దాచడమే ఇక్కడి పాపం. పెట్టె మూత బిగించాక లోపల ఏముందో మనకూ దేవునికీ తప్ప ఎవరికీ తెలియదు.

ద్వితీయోపదేశ కాండము 22వ అధ్యాయంలో ఒక ఆజ్ఞ ఉంది. కొత్త ఇల్లు కట్టేవాడు మిద్దె చుట్టూ పిట్టగోడ కట్టాలి, లేకపోతే ఎవరైనా పడి చనిపోయిన దోషం ఆ ఇంటి మీద ఉంటుంది. ఇల్లు అతనిదే, డబ్బూ అతనిదే. అయినా మిద్దె మీదికి ఇతరులూ ఎక్కుతారు. గొయ్యి తవ్వి మూత వేయనివాడు నష్టపరిహారం చెల్లించాలని నిర్గమ కాండము 21వ అధ్యాయం చెబుతోంది. మూత లేని బోరుబావుల్లో పసిపిల్లలు పడిపోయిన వార్తలు చదివిన మనకు ఈ మాట వేరే వివరించనక్కరలేదు. ఆంప్లిఫయరు నాదే కావచ్చు. రేపు దాన్ని తాకేది మా అబ్బాయి, వాడి స్నేహితుడు, లేదా నా దగ్గర కొనుక్కున్న ముక్కూ మొహం తెలియని మనిషి.

అలాగని భయపడి చేతులు ముడుచుకోవాలా? అక్కరలేదు. మత్తయి సువార్త 25వ అధ్యాయంలో తన తలాంతును భూమిలో పాతిపెట్టిన సేవకుడు భయపడే ఆ పని చేశాడు. అతనికి మెప్పు దక్కలేదు. వివేకం అంటే పిరికితనం కాదని శ్రీసభ సత్యోపదేశం కూడా స్పష్టం చేస్తోంది. 1960లలోను, అంతకు ముందూ అమెరికాలో తయారైన చాలా ఆంప్లిఫయర్లకు ఎర్తు లేని రెండు పిన్నుల ప్లగ్గే ఉండేది. మెయిన్సుకూ చట్రానికీ మధ్య ఒక చిన్న కెపాసిటరు ఉండేది. అది చెడితే చట్రంలోకి కరెంటు రావచ్చు. వాయించేవారు దానికి పెట్టుకున్న పేరే ‘మృత్యు కెపాసిటరు’. అలాంటి పాత పెట్టె చేతికి వస్తే తెలిసిన మనిషి ముందుగా దాన్ని తీసేసి, ఎర్తుతో కూడిన మూడు తీగల వైరు వేస్తాడు. దానివల్ల పాట ఏమీ మెరుగుపడదు, ఎవరూ చప్పట్లు కొట్టరు. అయినా ఒక ప్రాణానికి కాపలా దొరుకుతుంది. పొరుగువారిని ప్రేమించడం ఒక్కోసారి ఇలా సోల్డరింగు రూపంలో కూడా ఉంటుంది.

కనుక మరమ్మతుకు పూనుకునేవారు మూడు ప్రశ్నలు వేసుకోవాలి. ఈ పని నాకు తెలుసా, లేక తెలుసనుకుంటున్నానా? సరిగా ఉందని మీటరుతో కొలిచి చూశానా, లేక ఊహించి వదిలేశానా? నేను ఏం మార్చానో, తర్వాత వాడేవారికి చెప్పానా? మొదటి ప్రశ్నకు “తెలియదు” అని జవాబు వస్తే తెలిసినవాని దగ్గరకు వెళ్లడం చిన్నతనం కాదు. ఆయన అడిగే న్యాయమైన కూలి బేరమాడకుండా ఇవ్వడమూ మన ధర్మమే. మూడవ ప్రశ్నను చాలామంది మరచిపోతారు. చేసిన మార్పు ఒక కాగితం మీద రాసి పెట్టె లోపల అంటించడానికి రెండు నిమిషాలు చాలు. అమ్మేటప్పుడు లోపం దాచకుండా చెప్పడానికి మాత్రం మనస్సాక్షి కావాలి.

విచారణ పండుగ వచ్చిందంటే దేవాలయం ముందు పందిరి, మైకు సెట్టు, గిటారు, కీబోర్డు అన్నీ సిద్ధమవుతాయి. వాటి ముందు నిలబడి పాడేది మన బిడ్డలే. వచ్చే ఆదివారం పూజ ముగిశాక, విద్యుత్తు పని తెలిసిన ఒకరిని వెంటబెట్టుకుని గాయక బృందం పరికరాల ప్లగ్గులు ఒకసారి చూడండి. మూడవ పిన్ను ఉందా? దానికి తీగ తగిలించి ఉందా? ఆ తీగ నిజంగా భూమిని చేరుతోందా?