గట్టున నిలిచినవి

నా చిన్నప్పుడు ఒక ఏడు అత్తిలి షష్ఠి తీర్థానికి ఒక మావటి ఏనుగును తోలుకొచ్చాడు. ఆడ ఏనుగు. తొండం చివర రూపాయి బిళ్ళ పెడితే పైకెత్తి అతని చేతికిచ్చేది. అరటిపండు మాత్రం తనే తినేది. ‘ఎంత తెలివో!’ అన్నారంతా. చాలా ఏళ్లు నేనూ ఏనుగు తెలివంటే అదే అనుకున్నాను.

పోతన గజేంద్రమోక్షంలో మనం మొర వింటాం, చక్రం కోసం చూస్తాం. ఇప్పుడు నా చూపు మాత్రం మడుగు గట్టు దగ్గరే ఆగిపోతుంది. మొసలికి చిక్కిన తమ రాజును ఒంటరిగా వదల్లేక ఆడ ఏనుగుల మంద అక్కడే నిలబడి చూస్తుంటుంది. వాటి చేతుల్లో ఏమీ లేదు. వెళ్లిపోవచ్చు. వెళ్లలేదు. అది మగడి మీది మమకారమన్నాడు పోతన. అడవిలో చూస్తే ఆ బంధం ఇంకా పెద్దది. మగది ఈడొచ్చాక మందను విడిచిపోతుంది. ఆడది తల్లితో, పిన్నమ్మలతో, అక్కచెల్లెళ్లతోనే ముసలిదవుతుంది.

ఉత్తర బెంగాల్ తేయాకు తోటల్లో చనిపోయిన ఐదు ఏనుగు పిల్లల గురించి అటవీ అధికారి పర్వీన్ కస్వాన్, పరిశోధకుడు ఆకాశ్‌దీప్ రాయ్ 2024లో రాశారు. పిల్ల శవాన్ని మంద ఈడ్చుకొచ్చి, తోటలో నీళ్లు పోయే కాలువలో వెల్లకిలా దించి మట్టి కప్పింది. కాళ్లు పైకి కనబడుతూనే ఉన్నాయి. ఆ తర్వాత ఏనుగులు ఆ దారి మానుకుని పక్కదారిన నడిచాయి. దీన్ని దుఃఖం అనడానికి శాస్త్రజ్ఞులు జంకుతారు; జంకడం వాళ్ల ధర్మం. నాకు మాత్రం మామ్మ గుర్తొచ్చింది. బాబాయి కాలువలో పడి పోయాక ఆమె ఆ కాలువ మీది వంతెన మళ్లీ ఎక్కలేదు. చుట్టూ తిరిగి ఊళ్లోకొచ్చేది.

2023 మేలో పార్వతీపురం మన్యం జిల్లా కాట్రగడ దగ్గర నాలుగు ఏనుగులు కరెంటు తగిలి చనిపోయాయి. ఆ మందలో రెండు మిగిలాయి. ఏనుగుల వల్ల పంట పోయిన, మనిషి పోయిన ఇళ్లు ఆ జిల్లాలో ఉన్నాయి. ఆ ఏడుపును నేను తక్కువ చేయలేను. అయినా వార్త చదివిన రోజు నుంచి నా మనసు ఆ మిగిలిన రెండింటి చుట్టూనే తిరుగుతోంది.

నా చిన్నప్పటి ఆ తీర్థం అయిన రాత్రి మావటి తన ఏనుగును మా వీధి చివర కాలువ గట్టున రావిచెట్టుకు కట్టాడు. పక్కన నిలబడితే చెవికేమీ వినబడలేదు గానీ, ఎక్కడో డప్పు మోగినట్టు నా రొమ్ము అదిరింది. 1984లో అమెరికాలో పోర్ట్‌లాండ్ జంతు ప్రదర్శనశాలలో పరిశోధకురాలు కేటీ పేన్‌కు ఏనుగుల పక్కన ఇలాంటి అదురే తెలిసిందనీ, మన చెవికందని ఆ మంద్రస్వరంతో అవి కిలోమీటర్ల దూరం పిలుచుకుంటాయనీ తర్వాతెప్పుడో చదివాను. అత్తిలి చుట్టూ వరిచేలే. ఆ పిలుపు అందుకునే ఏనుగు ఏ దిక్కునా లేదు.

ఆ రాత్రి నాకిదేమీ తెలియదు. అదురుతోందని మామ్మతో చెప్పాను.

“పాపం, ఆకలేత్తందేమోరా” అంటూ లోపలికెళ్లి బెల్లం ముక్క తెచ్చింది.

ఏనుగు దాన్ని నోట్లో పెట్టుకుంది. చాలాసేపటిదాకా ఆ అదురు ఆగలేదు.