దారిలోని ముఖాలు

ఇంటిలో అతడు తండ్రి, కచేరీలో గుమాస్తా. ఈ రెంటికి నడుమ రైలుపెట్టెలో గడిచే ముప్పావుగంటలో అతడెవరు? ఎవరికీ జవాబు చెప్పనక్కరలేని ఆ కాస్త వ్యవధిలో ముఖం తన నిత్యవేషాన్ని విడిచి విశ్రమిస్తుంది. ఛాయాచిత్రకారునికి కావలసినది ఆ ముఖమే. అనుమతి అడిగితే అది మాయమవుతుంది. అడగక తీస్తే అపహరణ అవుతుంది.

అమెరికా ఛాయాచిత్రకారుడు వాకర్ ఎవాన్స్ 1938లో న్యూయార్కు భూగర్భ రైళ్ళలో రెండవ దారినే ఎంచుకొన్నాడు. చిన్న కాంటాక్స్ కెమేరాకు తళుకు కనబడకుండ నల్లరంగు పూసి, కోటులో దాచి, గుండీల సందున కటకం మాత్రమే తొంగిచూచేటట్లు అమర్చి, మీట తీగను కోటుచేతిలోగుండా అరచేతివరకు దింపుకొన్నాడు. (దొంగలకైనా ఇంత సరంజామా ఉండదేమో!) 1941 వరకు తీసిన ఆ చిత్రాలలో 89 పుస్తకంగా వెలువడినది 1966లో. అన్నేళ్ళ జాప్యానికి, ఎదుటివారి ఏకాంతాన్ని భంగపరచినామన్న సంకోచం కూడ ఒక కారణం. బాధ కలిగించగల వేళ దాచిపెట్టటంలో మర్యాద ఉన్నది, నిజమే. కాని కాలంపై భారం వేయటం అనుమతి పొందటంతో సమానమా? ఎంతకాలం గడిచినా ఆ ముఖం ఊరుమ్మడి సొత్తు కాదు.

ముఖాన్నే వదలుకొంటే ఈ దోషం తప్పుతుందనిపించవచ్చును. 1995లో రఘు రాయ్ ముంబయి చర్చిగేటు స్టేషనులో తీసిన ప్రఖ్యాతచిత్రం అటువంటిది. షట్టరును సాధారణంకంటె ఎక్కువసేపు తెరచి ఉంచినందున నడిచేవారందరు పొగవలె చెరిగిపోయినారు; కదలక పత్రిక చదువుకొనేవారే నిలిచినారు. అక్కడ ఎవరి ఏకాంతమూ చెడలేదు, చిత్రం అద్భుతం. అయినను ఆ పొగలో ప్రతివానికి బోరివిలిలోనో విరార్‌లోనో ఒక ఇల్లున్నది, చేతిలో అన్నపు డబ్బా ఉన్నది. జనాన్ని ప్రవాహంగా చూడటం రైల్వే లెక్కలకు ఎలాగూ అలవాటే. ప్రవాహాన్ని ఎవరూ అనుమతి అడగరు. ఎవాన్స్ అపరాధి కావచ్చును గాని, అతని చిత్రాలలో ఒక్కొక్క మనిషి ఒక్కొక్క మనిషిగానే మిగిలినాడు. ఈ రెంటిలో దేనికి తక్కువ ప్రాయశ్చిత్తమో తేల్చటం సులభం కాదు.

ఎవాన్స్ చిత్రాలలో అకార్డియన్ వాయించుకొనుచు రైలుపెట్టెలో నడచివచ్చే అంధుడొకడున్నాడు. తక్కినవారు తమ ఏకాంతంలో కూర్చున్నవారు. నలుగురూ తనను గమనించాలని వచ్చినవాడు అతడొక్కడే. కెమేరా కోటులో ఉన్నా, బయట ఉన్నా, అతనికి తెలిసేది కాదు.