పిలుపు అందని కణాలు

1924లో జర్మనీలోని ఫ్రైబర్గ్ విశ్వవిద్యాలయం నుంచి హాన్స్ స్పెమాన్, ఆయన శిష్యురాలు హిల్డె మాంగోల్డ్ ఒక ప్రయోగాన్ని ప్రకటించారు. న్యూట్ అనే ఉభయచరం పిండంలో బ్లాస్టోపోర్ (కణాలు లోపలికి ముడుచుకుపోయే రంధ్రం) పైఅంచు నుంచి చిన్న ముక్క తీసి, వేరే జాతి న్యూట్ పిండానికి కడుపు వైపు అతికించారు. అక్కడ రెండో వెన్ను లేచింది, దానితో రెండో నాడీనాళం. రెండు జాతుల రంగులు వేరు కనుక ఏ కణం ఎవరిదో తెలిసిపోయింది: ఆ నాళం చాలావరకు ఆతిథేయ పిండం కణాలదే. చర్మం కావలసినవి నాడులయ్యాయి. హిల్డె ఆ ఏడాదే పాతికేళ్ల వయసులో అగ్నిప్రమాదానికి బలైంది. 1935 నోబెల్ స్పెమాన్‌కు వచ్చింది.

ఆ ముక్కకు ఆర్గనైజర్ అని పేరు. అది కణాలకు ఏం ఆజ్ఞ ఇస్తోందని దశాబ్దాలు వెతికారు. 1992లో నాగిన్, 1994లో కార్డిన్ అనే ప్రోటీన్లు దొరికాక తెలిసింది వేరు. పిండం పైపొరలో ఇంకా ఏమీ కాని కణాలను బీఎంపీ అనే సంకేతం చర్మంగా మారమంటుంది. ఆర్గనైజర్ ప్రోటీన్లు కణం వెలుపలే బీఎంపీని పట్టి ఆపేస్తాయి. పిలుపు అందని కణాలు నాడీ మార్గం పడతాయి. కప్ప పిండపు పైకణాలను విడదీసి ఉంచినా నాడులే అయ్యాయి. బీఎంపీ కలిపితే చర్మమయ్యాయి. ఒకే పొరలో పిలుపు విన్న భాగం బయట చర్మమై నిలిచింది. విననిది లోపలికి ముడుచుకుని మెదడు, వెన్నుపాము అయింది.

ఇది చదివిన ప్రతిసారీ నాకు శంకరాద్వైతం గుర్తొస్తుంది. జ్ఞానం ఆత్మను పుట్టించదు, అవిద్యావరణాన్ని తొలగిస్తుంది, అంతే. గురువు శిష్యుడిలో లేనిదాన్ని తెచ్చిపెట్టడు. దేహమే నువ్వని ఎడతెగక చెప్పే లోకపు మాటను అడ్డుకుంటాడు. పిండం వేదాంతానికి రుజువు అనను. ఎఫ్‌జీఎఫ్ వంటి వేరే సంకేతాలకూ నాడుల పుట్టుకలో పాత్ర ఉంది. కానీ నివృత్తి అంటే శూన్యం కాదని, దానిలోంచి అత్యంత సూక్ష్మమైన నిర్మాణం లేవగలదని ఇంత స్పష్టంగా చూపేది నాకు మరొకటి తెలియదు.

మరో పోలిక ఇంకా లోతైనది. ఆర్గనైజర్ ప్రభావం అన్ని కణాలపైనా పనిచేయదు. తొలి దశలోని కణాలే స్పందిస్తాయి. వయసు మీరిన పొరకు ఆ సామర్థ్యం పోతుంది. వేదాంతం దీన్నే అధికారం అంటుంది: వివేక వైరాగ్యాలు, శమదమాదులు, ముముక్షుత్వం లేనివాడికి మహావాక్యం చెవినపడినా ఫలించదు. ఇక్కడే రెండు దారులూ విడిపోతాయి. కణానికి ఆ వ్యవధి త్వరలోనే ముగుస్తుంది, మళ్లీ రాదు. జిజ్ఞాసువుకు మన పెద్దలు అలాంటి గడువేదీ పెట్టలేదు. ముదిమిలో శ్రవణం మొదలుపెట్టినవారినీ కాదనలేదు.